రీసెర్చ్ ప్రెజెంటేషన్‌కి అవుట్‌లైన్: జూనియర్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

సెమినార్ల కాలం వస్తే చాలు, అవే ప్రశ్నలు. హాస్టల్ మెట్ల దగ్గర ఒకరు, టీ కొట్టు దగ్గర ఒకరు, రాత్రి పదకొండు దాటాక వాట్సాప్‌లో ఇంకొకరు, "అన్నా, రేపు పదింటికి ప్రెజెంటేషన్, అవుట్‌లైన్ ఒకసారి చూడవా" అని. తెరిచి చూస్తే అందులో ఇంట్రడక్షన్, ఆబ్జెక్టివ్స్, మెథడాలజీ అని ఆరు మాటలుంటాయి, అంతే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయి ఇదంతా ఒకచోట రాశాను. నేను తిరుపతిలోనే కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేశాను కాబట్టి ఉదాహరణలు మన చుట్టుపక్కలవే ఉంటాయి. వరసగా చదవక్కర్లేదు, మీ డౌట్ ఎక్కడుందో అక్కడికే పోండి.

## మొదలుపెట్టక ముందు

అవుట్‌లైన్ అంటే విషయసూచికే కదా, దానికింత రాద్ధాంతం ఎందుకు?

కాదు. విషయసూచిక పుస్తకం అయిపోయాక తయారవుతుంది, అవుట్‌లైన్ నోరు తెరవకముందే తయారవ్వాలి. "రిజల్ట్స్" అని రాసుకుంటే అది ఎవరి ప్రెజెంటేషన్‌కైనా సరిపోతుంది, మీ రూమ్మేట్ దానికి కూడా. "ఎండబెట్టే వేడి పెంచేకొద్దీ మామిడి తాండ్ర రంగు నల్లబడింది" అని రాసుకుంటే అది మీ ఒక్కరిదే. కాబట్టి ప్రతి అంశాన్నీ పూర్తి వాక్యంగా రాయండి, చివర క్రియ ఉండాలి. క్రియ రాయడానికి చెయ్యి ఆగిందంటే ఆ చోట ఏం చెప్పాలో మీకే ఇంకా తేలలేదని అర్థం, అది ఇంట్లో కూర్చుని తెలిస్తే నష్టం లేదు, కమిటీ ముందు నిలబడ్డాక తెలిస్తేనే ఇబ్బంది.

నేరుగా పవర్‌పాయింట్ తెరిచి స్లైడ్లు చేసుకుంటూ పోతే తప్పేంటి?

నేనూ అదే చేశాను మొదటిసారి. పదిహేను నిమిషాల టైముకి నలభై రెండు స్లైడ్లు, రంగులు, బాణాలు, ఒక యానిమేషన్ కూడా. పందొమ్మిదో స్లైడు దగ్గర, ఇంకా పాత పేపర్ల గురించే చెప్తున్నా, ముందు వరసలో కూర్చున్న పెద్దాయన వాచీ చూసుకుని "బాబూ, మీరేం చేశారో చెప్పండి" అన్నాడు. నేను చేసింది ముప్ఫై ఒకటో స్లైడులో ఉంది. అక్కడిదాకా బటన్ నొక్కుకుంటూ పోతుంటే హాలంతా నిశ్శబ్దం.

స్లైడు తెరవగానే మనసు అక్షరాల సైజు మీదికీ బొమ్మల మీదికీ పోతుంది, చెప్పే మాట వెనకబడుతుంది. పైగా కష్టపడి చేసిన స్లైడుని తీసెయ్యాలంటే ప్రాణం ఒప్పుకోదు, కాగితం మీద రాసిన వాక్యాన్ని కొట్టెయ్యడానికి ఒక గీత చాలు. జెరాక్స్ షాపులో పాడైపోయిన కాగితాలుంటాయి కదా, వాటి వెనకవైపు రాసుకోండి, ఇంకా ధైర్యంగా కొట్టేస్తారు.

ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియట్లేదు, మొదటి లైనే రావట్లేదు.

చివరినుంచి. మీ ప్రెజెంటేషన్ విని బయటికొచ్చిన మనిషిని "లోపల ఏం చెప్పారు?" అని ఇంకొకరు అడిగితే ఆయన చెప్పాల్సిన ఒక్క వాక్యం ఏదో ముందు అది రాయండి. రెండు వాక్యాలు కాదు, "మరియు" పెట్టి అతికించడం కూడా కాదు. దాన్ని కాగితం అడుగున పెట్టి, అక్కడికి చేరాలంటే వినేవాడికి ముందు ఏం తెలిసుండాలి, దానికి ముందు ఏం తెలిసుండాలి అని పైకి ఎక్కుతూ రండి. ఆ దారిలో పడనిది ఎంత మంచి గ్రాఫైనా సరే, ఈ ప్రెజెంటేషన్‌లోది కాదు.

ఆ ఒక్క వాక్యానికే రెండు గంటలు పట్టొచ్చు. పట్టనీయండి, మిగతాది అరగంటలో అయిపోతుంది.

పని ఇంకా సగంలోనే ఉంది, అప్పుడే అవుట్‌లైన్ ఏం రాస్తాం?

సగం పనికీ అవుట్‌లైన్ ఉంటుంది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ చేసేవాళ్లు ప్రతి సెమిస్టరూ రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు పని ఎంతవరకు వచ్చిందో చెప్పాలి, అంటే సగం పనితో నిలబడటం ఎలాగూ తప్పదు. అక్కడ అడుగున పెట్టే వాక్యం ఫలితం గురించి కాకుండా నిర్ణయం గురించి ఉంటుంది: "ఈ పద్ధతి మన శాంపిళ్లకి పనిచేస్తోంది, కాబట్టి వచ్చే ఆరునెలలు మిగతా మండలాల నీళ్లు తీసుకొస్తాను" లాగా. కమిటీవాళ్లకి కావాల్సింది మీరెక్కడున్నారు, ఎక్కడ ఇరుక్కున్నారు, తర్వాత ఏం చేస్తారు, ఈ మూడే. ఇరుక్కున్న చోటు దాచిపెడితే వాళ్లు సాయం చెయ్యాలన్నా చెయ్యలేరు.

ప్రెజెంటేషన్ ఇంగ్లీషులో, అవుట్‌లైన్ తెలుగులో రాసుకోవచ్చా?

రాసుకోండి, నేనైతే అదే చెయ్యమంటాను. ఇంగ్లీషులో రాసేటప్పుడు మనకు తెలియకుండానే పేపర్లలో చదివిన వాక్యాలు దిగుతాయి, అర్థం ఉన్నా లేకపోయినా చూడ్డానికి బాగుంటాయి. తెలుగులో అట్లా మోసం చేసుకోలేం. "నీళ్లలో ఫ్లోరైడ్ ఎందుకు ఎక్కువుందంటే, ఇక్కడి గ్రానైట్ రాయిలోంచి కరిగి వస్తోంది" అని మీ అమ్మకి చెప్పినట్టు రాయగలిగితే విషయం మీకు అర్థమైనట్టే. టెక్నికల్ మాటలు ఎలాగున్నవి అలాగే ఉంచండి, స్పెక్ట్రోస్కోపీని అనువదించే పని పెట్టుకోవద్దు. తర్వాత ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు వాక్యాలు పొట్టిగా వస్తాయి, అదీ లాభమే.

వినేవాళ్లు ఎవరైతే ఏంటి, విషయం ఒకటే కదా?

విషయం ఒకటే, దారి వేరు. తిరుపతి దగ్గర గాదంకిలో పై గాలుల్ని కొలిచే ఎంఎస్‌టీ రాడార్ ఉంది కదా, 53 మెగాహెర్ట్జ్ మీద నడిచేది, ఆ డేటా మీద పనిచేసేవాళ్లు వాతావరణ శాస్త్రజ్ఞుల ముందు మాట్లాడితే రాడార్ గురించి అర నిమిషం చాలు, వాళ్లకి మీరు డేటాని ఎలా వడగట్టారన్నదే ముఖ్యం. అదే మాట అన్ని డిపార్ట్‌మెంట్లవాళ్లూ కూర్చున్న హాల్లో చెప్పాలంటే, పైకి పంపిన తరంగం గాలిలోంచి వెనక్కొస్తే గాలివేగం ఎలా తెలుస్తుందో రెండు నిమిషాలు చెప్పక తప్పదు, ఆ రెండు నిమిషాలు వడగట్టే భాగంలోంచి కోసుకోవాలి. అందుకే కాగితం పైన ఒక మూల "ఎవరికి, ఎంతసేపు" అని రాసి పెట్టుకోండి.

## రాసేటప్పుడు

అవుట్‌లైన్ ఎంత పొడవుండాలి?

ఒక పేజీ. వెనక పేజీకి పోయిందంటే అది స్పీచ్.

పది నిమిషాలిచ్చారు, ఎన్ని స్లైడ్లు, ఎన్ని పాయింట్లు?

నిమిషానికొక స్లైడు అని అందరూ చెప్తారు, మోటు లెక్కే అయినా మొదటిసారికి పనికొస్తుంది. నేనైతే స్లైడ్లు లెక్కపెట్టను, అవుట్‌లైన్‌లో ప్రతి వాక్యం పక్కన నిమిషాలు రాసుకుంటాను. పది నిమిషాలిస్తే తొమ్మిదికే సరిపెట్టండి, మైకు ఇవ్వడానికి, పెన్‌డ్రైవ్ తెరుచుకోడానికి, "ఆడిబులా?" అనడానికి ఒక నిమిషం ఎలాగూ పోతుంది. ఆ తొమ్మిదిలో సగం, కనీసం నాలుగు నిమిషాలు, మీరు సొంతంగా కనుక్కున్నదానికి ఉండాలి. నిమిషాలు వేసి చూస్తే పాత పేపర్లకి నాలుగు, మీ పనికి రెండు పడ్డాయనుకోండి, రోగం అక్కడే ఉంది. అంకెలు వేసుకోకపోతే ఆ సంగతి హాల్లోనే తెలుస్తుంది.

ఒక నమూనా పూర్తిగా చూపించండి, ఇవన్నీ చెప్తే అర్థం కావట్లేదు.

సరే. కాళహస్తి కళంకారీ మీద ఒక పని చేశామనుకుందాం. పద్ధతి గురించి చెప్పేవి నిజాలే గానీ, నీళ్ల మీద ప్రయోగం, దాని ఫలితం నేను ఊరికే కల్పించినవి, ఎక్కడా వాడేయకండి. పన్నెండు నిమిషాల టైము, ప్రశ్నలు విడిగా. అడుగున పెట్టుకున్న వాక్యం: "ఉతికే నీళ్లలో కఠినత్వం (కరిగిన కాల్షియం లాంటివి) మారితే ఎరుపు మారుతుంది, నలుపు మారదు."

1. కళంకారీలో కలం రంగుని సగం దూరమే తెస్తుంది, మిగతా సగం ఉతికే నీళ్లు తెస్తాయి. (1 నిమిషం, కలంతో గీస్తున్న ఫొటో)
2. పారే ఏటి నీళ్లు దొరకనప్పుడు బోరు నీళ్లతో ఉతకాల్సి వస్తుంది, ఆ నీళ్లలో కాల్షియం ఎక్కువ. (1 నిమిషం)
3. ఇంతకుముందు పనిచేసినవాళ్లు రంగులిచ్చే మొక్కల్ని చూశారు, నీళ్లని వదిలేశారు. (1 నిమిషం)
4. గుడ్డ ఒకటే, కరక్కాయా పాలూ కలిపి నానబెట్టిన తీరు ఒకటే, పటిక ఒకటే, మేం మార్చింది నీళ్లని మాత్రమే. (2 నిమిషాలు)
5. నీళ్లు మారితే ఎరుపు మారింది. (3 నిమిషాలు, ముందు గుడ్డముక్కల ఫొటో, తర్వాతే గ్రాఫ్)
6. నలుపు మారలేదు, ఎందుకంటే కసిమిలోని (ఇనుముతో చేసే నల్లరంగులోని) ఇనుము గుడ్డకి పట్టిన కరక్కాయ టానిన్‌తో, అంటే దాని వగరుతో, ఉతక్కముందే కలిసిపోయి ఉంటుంది. (2 నిమిషాలు)
7. మేం చూసింది నూలు గుడ్డ మీద, పట్టు మీద ఏమవుతుందో చూడాలి. (1 నిమిషం)
8. కాబట్టి ఎరుపు ఎక్కువున్న పనికి మాత్రం నీళ్లు ముందు పరీక్షించుకుంటే మేలు. (1 నిమిషం)

ఈ ఎనిమిది వాక్యాల్నీ గబగబా పైకి చదివి చూడండి, కథ చెప్పినట్టు ఒకదాని వెనక ఒకటి రావాలి. మధ్యలో "అయితే ఏంటి?" అనిపిస్తే అక్కడ మెట్టు విరిగిందని. మూడో వాక్యం చూశారుగా, పాత పేపర్లన్నిటికీ కలిపి ఒకే వాక్యం. ఐదోదాంట్లో ఫొటో ముందు, గ్రాఫ్ తర్వాత అని రాసుకోవడం కూడా అవుట్‌లైన్‌లో భాగమే, ఏ వాక్యాన్ని ఏ బొమ్మతో చూపిస్తామో తేలకపోతే ఆ స్లైడు చివరికి అక్షరాల గుంపవుతుంది.

లిటరేచర్ రివ్యూ తగ్గిస్తే చదవలేదనుకోరా?

అనుకోరు. నలభై పేపర్లు చదివానని చూపించాల్సిన చోటు థీసిస్. ప్రెజెంటేషన్‌లో పాత పని ఎందుకొస్తుందంటే "ఇక్కడ ఒక ఖాళీ ఉంది, నేను అందులో నిలబడ్డాను" అని చూపించడానికే. ఆ ఖాళీకి రెండు పక్కలా ఉన్న రెండు మూడు పనుల పేర్లు చెప్పండి, చాలు. మిగతావి అడిగితే చెప్పడానికి నోట్‌బుక్‌లో ఉంచుకోండి. ఒక జాగ్రత్త: ముందు వరసలో కూర్చోబోయే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌కి మీ టాపిక్ మీద పేపర్ ఉందేమో చూసుకోండి. నిజంగా సంబంధం ఉంటే ఆ మూడింట్లో అదొకటి కావడం మర్యాద, లౌక్యం కూడా.

నాది తెలుగు సాహిత్యం. మెథడ్స్, రిజల్ట్స్ అనేవి మాకుండవు, మరి మాకెలా?

మీకు ప్రశ్న ఉంటుంది కదా, అది చాలు. సైన్సువాళ్ల నాలుగు గదుల్లో మీ పనిని ఇరికించొద్దు. అన్నమయ్య రాగిరేకుల సంగతే తీసుకోండి. రేకు మీద కీర్తనకి రాగం పేరుంది, స్వరం లేదు. మరి ఇవాళ మనం వింటున్న బాణీలు ఎవరివి? ఈ ఒక్క ప్రశ్నతో మొదలుపెడితే అవుట్‌లైన్ దానంతటదే నడుస్తుంది: రేకు మీద ఏముంది, ఏం లేదు, 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటి సంగీత విద్వాంసులు ఆ లేని చోట ఏం చేశారు, రేకు మీది రాగాన్నే ఉంచారా మార్చారా, అందులోంచి మీరేం అంటున్నారు. ఆఖరిది చాలామంది మర్చిపోతారు. కవి పుట్టుపూర్వోత్తరాలు, రచనల జాబితా, బిరుదులు చెప్పేసరికి టైము అయిపోయి "ఇంతటితో ముగిస్తున్నాను" అంటారు. కవి జీవితం అందరికీ తెలుసు, మీరేమంటారో ఎవరికీ తెలీదు.

ఇంకొకటి, పద్యమో చరణమో చదవాల్సి వస్తే దానికి నిమిషాలు విడిగా వేసుకోండి. చదవడం మనం అనుకున్నదానికంటే ఎక్కువసేపు పడుతుంది, బాగా చదివితే ఇంకా ఎక్కువ పడుతుంది.

మొదలు ఆకట్టుకునేలా ఉండాలంటారు, జోకు వెయ్యాలా?

జోకు వద్దు. వినేవాళ్లకి ముందే తెలిసిన ఒక వస్తువుతో మొదలుపెట్టండి. జియాలజీ జూనియర్ ఒకమ్మాయికి తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కనిపించే ఎపార్కియన్ అన్‌కన్‌ఫర్మిటీతో, అంటే రాతిపొరల వరసలో కాలం తెగిపోయిన చోటుతో, మొదలుపెట్టమన్నాను. కింద గ్రానైటు, పైన నగరి క్వార్ట్‌జైటు, రెంటికీ మధ్య 50 కోట్ల ఏళ్లకు పైగా ఖాళీ, జియలాజికల్ సర్వేవాళ్లు జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించిన చోటు. హాల్లో ఉన్న ప్రతివాళ్లూ బస్సులో కునుకు తీస్తూ దాని పక్కనుంచి పోయినవాళ్లే. ఒక ఫొటో, ఒక వాక్యం, అందరూ లేచి కూర్చున్నారు. మీ టాపిక్‌లోనూ అలాంటిది ఏదో ఒకటి ఉంటుంది, శనక్కాయ చేనో, తోతాపురి కాయో, ఇంట్లో బోరు పైపు మీద పట్టిన తెల్లటి పొరో.

అనుకున్న రిజల్ట్ రాలేదు, అవుట్‌లైన్‌లో ఎక్కడ దాచాలి?

దాచొద్దు, నడిమధ్యలో పెట్టండి. "ఇలా వస్తుందనుకున్నాం, రాలేదు, ఎందుకు రాలేదని చూస్తే ఇది కనిపించింది" అనే వరసంత బాగా వినిపించేది ఇంకోటి లేదు. చివర్లో మెల్లగా దాటేద్దామని చూస్తే మాత్రం ప్రశ్నల టైమంతా దాని మీదే పోతుంది.

చాట్‌జీపీటీకి టైటిల్ ఇస్తే అవుట్‌లైన్ రాసిస్తోంది కదా?

రాసిస్తుంది, ఆ టైటిల్ ఇచ్చిన ఎవరికైనా దాదాపు అదే రాసిస్తుంది. మీ డేటా అది చూడలేదు, మీ శాంపిల్ సీసా పగిలిపోయిన సంగతి దానికి తెలీదు. తిరగేసి వాడుకోండి: మీ వాక్యాలు మీరే రాసి, వీటి మీద ఎగ్జామినర్ ఏం అడగొచ్చని దాన్ని అడగండి. అది ఇచ్చిన పేపర్ల పేర్లు మాత్రం వెతికి చూడకుండా స్లైడు మీద పెట్టొద్దు, లేని పేపర్లు కూడా చెప్తుంది. అచ్చుకాని డేటా అందులో పెట్టేముందు గైడ్‌ని ఒక మాట అడగండి.

## గైడ్‌కి చూపించాక

సార్ మొత్తం మార్చమన్నారు, ఇప్పుడేం చెయ్యాలి?

ముందు ఏం మార్చమన్నారో విడదీసుకోండి. వరస మార్చమన్నారా, ఏదైనా తీసెయ్యమన్నారా, లేక అడుగున పెట్టుకున్న వాక్యమే ఒప్పుకోలేదా? మొదటి రెండూ పదినిమిషాల పని. మూడోదైతే "సార్, మీ లెక్కలో వినేవాళ్లు తీసుకుపోవాల్సిన ఒక్క మాట ఏది?" అని అడిగేయండి. సారూ మీరూ రెండు వేరే ప్రెజెంటేషన్లు ఊహించుకుంటున్నారని అక్కడ బయటపడుతుంది, చాలాసార్లు గొడవంతా అదే. అందుకే నలభై స్లైడ్లు పట్టుకుని పోకుండా ఒక పేజీ కాగితంతో పొమ్మనేది. కాగితమైతే సార్ కారిడార్‌లో నిలబడే చదివేస్తారు, స్లైడ్లయితే "తర్వాత చూద్దాం అమ్మా" అంటారు.

ముగ్గురం కలిసి చెప్పాలి, ఎలా పంచుకోవాలి?

అవుట్‌లైన్ ముగ్గురూ కూర్చుని ఒకటే రాయండి, ఆ తర్వాత పంచుకోండి. ముందే పంచుకుని ఎవరిది వాళ్లు రాసుకొస్తే మూడు ఇంట్రడక్షన్లు వస్తాయి. చేతులు మారే చోట ఒక్కో వాక్యం అనుకుని పెట్టుకోండి, "నీళ్లు ఎక్కడివో ఆయన చెప్పారు, అందులో ఏముందో నేను చెప్తాను" అని. బాగా మాట్లాడేవాడికి ఇంట్రడక్షన్ ఇవ్వడం అలవాటు, నేనైతే రిజల్ట్స్ ఇస్తాను.

థీసిస్ ఇచ్చేముందు చెప్పే ప్రీ-సబ్మిషన్ ప్రెజెంటేషన్‌ని చాప్టర్ల వరసలోనే చెప్పేస్తే సరిపోదా?

ఆరు చాప్టర్లకి సమానంగా టైము పంచితే ఏదీ వినపడదు. చాప్టర్లు పేరుకి ఉంచండి, ఎక్కడున్నామో కమిటీకి తెలుస్తుంది, కానీ ఎక్కువ టైము ఒకటి రెండు చాప్టర్లకే ఇచ్చి మిగతావి ఒక్కో వాక్యంతో దాటేయండి. కుదరదనేవాళ్లకి ఒక సంగతి: ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీవాళ్లు 2008లో ఒక పోటీ మొదలుపెట్టారు, మొత్తం థీసిస్‌ని మూడు నిమిషాల్లో, కదలని ఒకే ఒక్క స్లైడుతో చెప్పాలి. ఇప్పుడు చాలా దేశాల్లో జరుగుతోంది.

## స్లైడ్లు, ఆ రోజు

వర్డ్‌లో రాసిన అవుట్‌లైన్‌ని మళ్లీ స్లైడ్లలో టైప్ చెయ్యాలా?

అక్కర్లేదు. వర్డ్‌లో ఒక్కో వాక్యానికీ హెడింగ్ 1 స్టైల్ పెట్టి సేవ్ చేసి, పవర్‌పాయింట్‌లో న్యూ స్లైడ్ కింద స్లైడ్స్ ఫ్రమ్ అవుట్‌లైన్ నొక్కి ఆ ఫైలు ఇస్తే, ప్రతి వాక్యం ఒక స్లైడు టైటిల్ అయిపోతుంది. కింద బొమ్మ పెట్టుకోవడమే మీ పని. వాక్యమే టైటిల్‌గా ఉంటే పొడవు కదా అంటారు, రెండు లైన్లు దాటకపోతే ఏం కాదు.

రెండో స్లైడులో "అవుట్‌లైన్" అని పెట్టి అన్నీ చదవాలా?

పది నిమిషాల ప్రెజెంటేషన్‌కి వద్దు, తర్వాత రిజల్ట్స్ వస్తాయని అందరికీ తెలుసు. నలభై నిమిషాలైతే అవసరమే. అలిపిరి నుంచి నడిచేవాళ్లు గాలిగోపురం కనపడగానే ఊపిరి పీల్చుకుంటారు కదా, అట్ల మధ్యలో రెండుచోట్ల "ఇక్కడిదాకా వచ్చాం" అని ఒక మాట చెప్పండి. మీ డిపార్ట్‌మెంట్‌లో ఆ స్లైడు తప్పనిసరి అయితే పెట్టండి, చదవకుండా తిప్పేయండి.

అక్కడికి పోయాక పదిహేను నిమిషాలు కాదు ఎనిమిదే అన్నారు, ఎలా?

కాన్ఫరెన్సుల్లో ప్రారంభోత్సవం, శాలువాలు అయ్యేసరికి టైము జారిపోతుంది, ఇది ప్రతిసారీ జరిగేదే. అందుకే అవుట్‌లైన్ రాసిన రోజే, తీసేసినా కథ తెగని వాక్యాల పక్కన చుక్క పెట్టుకోండి. టైము కోస్తే చుక్కలున్న స్లైడ్లు హైడ్ చేసేయడమే. వేగంగా మాట్లాడి అన్నీ లాగించేద్దాం అనుకోవద్దు, మీరు చెప్పేది ఎవరికీ ఎక్కదు, మీకు గుక్క తిరగదు.

అవుట్‌లైన్ కాగితం చేత్తో పట్టుకుని చూస్తూ చెప్పొచ్చా?

పట్టుకోండి, టెన్షన్‌లో అదే ధైర్యం. స్పీచ్ మొత్తం రాసి చదవడం మాత్రం వద్దు, ఒక లైను తప్పిపోతే మళ్లీ దొరకదు. అక్షరాలు పెద్దవిగా, ఒక వైపే రాయండి. కరెంటు పోయి ప్రొజెక్టర్ ఆగినా ఆ కాగితంతో మాట్లాడగలగాలి. నాకు ఒకసారి అలాగే అయింది, స్లైడ్లు లేకుండానే ఆరు నిమిషాలు చెప్పాను, ప్రశ్నలు కూడా వచ్చాయి.